ఏ షాట్ వదిలేద్దాం? ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ కోచింగ్‌లో డిఫెన్స్ ప్లాన్

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో, ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ కోచింగ్ గేములు ఆడేవాళ్లు ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ నుంచి టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. గాజువాక నుంచి, మధురవాడ నుంచి ఈ ఎండలో ఇంత దూరం వచ్చారు, చాలా సంతోషం. వెనకవాళ్లకి వినపడుతోందా అండీ? ఫ్యాన్ చప్పుడు ఎక్కువగా ఉంటే ముందుకొచ్చేయండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నన్ను డిఫెన్స్ గురించి మాట్లాడమన్నారు. మనలో చాలామంది ఈ గేముల్లోకి రాగానే మొట్టమొదట చేసే పని ఏమిటి? బాగా షూట్ చేసే ఆటగాణ్ని కొనడం. రెండో పని? ఇంకో షూటర్‌ని కొనడం. డిఫెన్స్ దగ్గరికి వచ్చేసరికి మెనూలో పైన ఏది ఉంటే అది. మ్యాన్-టు-మ్యాన్ (ఒక్కొక్కరు ఎదుటి జట్టులో ఒక్కొక్కణ్ని కాయడం) అని ఉంటుంది, అదే ఉంచేస్తారు. ఎదుటి జట్టు ఎవరైనా అదే, సీజన్ మొదలు నుంచి చివరిదాకా అదే. కానీ మ్యాచ్‌లో సగం పొసెషన్లు, అంటే బంతి చేతిలో ఉండి దాడి చేసే వంతులు, ఎదుటివాళ్లవి కదా? ఆ సగాన్ని గాలికి వదిలేస్తే ఎలా? నాకు ఈ విషయం మీద పట్టుదల ఎక్కువ. అందుకే కొంచెం గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

కొత్తవాళ్లు కొందరు కనపడుతున్నారు కాబట్టి ఒక్క నిమిషం వెనక్కి వెళ్తాను. బజర్‌బీటర్ కానివ్వండి, హూప్స్ డైనస్టీ కానివ్వండి, ఈ గేముల్లో మనం బటన్లు నొక్కి ఆటగాళ్లని పరిగెత్తించం. మనం కోచ్‌లం. ఎవరు ఆడాలి, ఎలా ఆడాలి, ఎలా కాపు కాయాలి, ఇవన్నీ మ్యాచ్‌కి ముందే రాసి ఇచ్చేస్తాం. మ్యాచ్ మొదలయ్యాక మన చేతిలో ఏమీ ఉండదు. మన ఆంధ్రా యూనివర్సిటీ గ్రౌండ్‌లో మ్యాచ్ అయితే కోచ్ గీత పక్కన నిలబడి అరవొచ్చు, టైమ్ అవుట్ అడగొచ్చు, రెండో క్వార్టర్‌లో ప్లాన్ మార్చేయొచ్చు. ఇక్కడ అది లేదు. అందుకే ఇక్కడ ప్లాన్‌కి విలువ మామూలు ఆటలో కంటే ఎక్కువ అంటాను నేను. ముందు రోజు రాత్రి కూర్చుని ఆలోచించిందే మన కోచింగ్ మొత్తం.

మరి కంప్యూటర్ లోపల ఏం చేస్తుంది? వివరాలు ఒక్కో గేములో ఒక్కోలా ఉంటాయి గానీ, వరస దాదాపు ఒకటే. ప్రతి పొసెషన్‌కి కొన్ని ప్రశ్నలు వేసుకుంటుంది. బంతి చేజారిందా? లేదంటే షాట్ ఎవరు వేశారు? ఎక్కడి నుంచి వేశారు? ఎదురుగా ఉన్నవాడు ఎంత గట్టివాడు? ఫౌల్ అయ్యిందా? షాట్ తప్పితే రీబౌండ్, అంటే తగిలి వెనక్కి వచ్చిన బంతి, ఎవరికి వచ్చింది? ప్రతి ప్రశ్నకీ ఒక సంభావ్యత ఉంటుంది. మనం ఇచ్చే ప్లాన్ ఆ సంభావ్యతల్ని కొంచెం అటో ఇటో జరుపుతుంది. అంతే. కొంచెమే జరుపుతుంది, ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

అసలు బాస్కెట్‌బాల్‌ని ఇలా చూడటం ఈ గేములతో పుట్టింది కూడా కాదు. డీన్ ఆలివర్ అని అమెరికాలో గణాంకాల నిపుణుడు ఒకాయన ఉన్నారు. మ్యాచ్ గెలుపు నాలుగు విషయాల మీద ఆధారపడుతుందని ఆయన లెక్క కట్టారు. షూటింగ్‌కి సుమారు 40 శాతం, టర్నోవర్లకి (బంతి చేజార్చుకోవడానికి) 25, రీబౌండ్లకి 20, ఫ్రీ త్రోలకి (ఫౌల్ అయ్యాక ఎవరూ అడ్డు లేకుండా వేసే షాట్లకి) 15. నేను ఇందాక చెప్పిన ప్రశ్నలు కూడా ఇవే కదా? బంతి చేజారిందా, షాట్ పడిందా, రీబౌండ్ ఎవరిది, ఫౌల్ అయ్యిందా. కాబట్టి డిఫెన్స్ ప్లాన్ రాసేటప్పుడు ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకోండి. ఈ నాలుగింటిలో దేన్ని పట్టుకుంటున్నాం, దేన్ని వదులుతున్నాం? నాలుగింటినీ పట్టుకుంటానంటే కుదరదు. అలాంటి డిఫెన్స్ ఏ మెనూలోనూ లేదు.

ఇక్కడే నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఉంది. మన ఫిషింగ్ హార్బర్‌లో వల పట్టుకెళ్లే మనిషిని అడగండి. ఏ చేప కోసం వెళ్తున్నాడో దాన్ని బట్టి వల కన్ను ఉంటుంది. పెద్ద కన్నుల వల తీసుకెళ్లినవాడికి చిన్న చేపలు జారిపోతాయని తెలుసు. తెలిసే వేస్తాడు. డిఫెన్స్ కూడా అంతే. ఏది జారిపోవాలో ముందు నిర్ణయించుకున్నాకే వల వేయాలి. మన ప్లాన్‌లో మొదటి వాక్యం "ఈ జట్టుకి నేను ఫలానా షాట్ వదిలేస్తున్నాను" అని ఉండాలి. ఆ వాక్యం రాయలేకపోతే ప్లాన్ ఇంకా తయారు కాలేదన్నమాట.

సరే, ఏ షాట్ వదలాలి? ఇది లెక్కతో చూద్దాం. బోర్డు మీద రాస్తున్నాను, కావాలంటే ఫోటో తీసుకోండి. ఒక ఊహా జట్టు అనుకోండి. మ్యాచ్‌కి సగటున 50 రెండు పాయింట్ల షాట్లు వేసి 26 పడేస్తోంది, అంటే 52 శాతం. త్రీ పాయింటర్లు, అంటే దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, 20 వేసి 6 పడేస్తోంది, అంటే 30 శాతం. ఇప్పుడు ఒక్కో షాట్‌కి ఎన్ని పాయింట్లు? లోపలి షాట్‌కి 1.04. బయటి షాట్‌కి 0.90. మరి ఏది వదలాలి? బయటిది. ఇక్కడి దాకా అందరం ఒప్పుకుంటాం.

ఇప్పుడు మనం లోపలికి కుదించుకుపోయాం అనుకుందాం. హూప్స్ డైనస్టీలో అయితే డిఫెన్స్ ఎక్కడ నిలబడాలో మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా పెట్టుకోవచ్చు. మైనస్ వైపు వెళ్తే లోపల గట్టిపడతాం, ప్లస్ వైపు వెళ్తే త్రీ పాయింట్ గీత దగ్గర గట్టిపడతాం. బజర్‌బీటర్‌లో అయితే 2-3 జోన్ పెడతాం, అంటే మనిషిని కాకుండా చోటుని కాయడం, ముందు ఇద్దరు, బుట్ట దగ్గర ముగ్గురు. ఏదైనా సరే, మన ప్లాన్ వల్ల వాళ్ల షాట్లలో పది లోపలి నుంచి బయటికి మళ్లాయి అనుకోండి. ఇప్పుడు లోపల 40, బయట 30. లోపల జనం ఎక్కువయ్యారు కాబట్టి వాళ్ల శాతం 52 నుంచి 48కి పడింది. బయట ఖాళీ దొరికింది కాబట్టి 30 నుంచి 33కి పెరిగింది. ముందు వాళ్లకి వచ్చేది లోపల 52, బయట 18, మొత్తం 70. ఇప్పుడు? లోపల 38.4, బయట 29.7. మొత్తం 68.1.

చూశారా? ఇంత కష్టపడితే మిగిలింది 1.9 పాయింట్లు. రెండు కూడా కాదు. కొంతమంది ముఖాలు చిన్నబోయాయి, నాకు కనపడుతోంది. కానీ ఆగండి. లోపలి షాట్లు తగ్గితే ఫౌళ్లు కూడా తగ్గుతాయి. ఫ్రీ త్రోలు నాలుగు తగ్గాయనుకోండి, 75 శాతం లెక్కన ఇంకో 3 పాయింట్లు. కలిపితే దాదాపు 5. మీ లీగ్‌లో 5 పాయింట్ల లోపు తేడాతో పోయిన మ్యాచ్‌లు ఎన్ని ఉన్నాయో ఇంటికెళ్లి చూసుకోండి. ప్లాన్ విలువ అక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు దీనికి రెండో వైపు. ఖాళీ దొరికాక వాళ్ల త్రీ శాతం 33 దగ్గర ఆగకుండా 36 అయ్యిందనుకోండి. 30 షాట్లకి 32.4 పాయింట్లు. లోపల 38.4తో కలిపితే 70.8. అంటే ముందుకన్నా ఎక్కువే ఇచ్చేశాం! గీత ఎక్కడుంది? ఈ లెక్కలో సుమారు 35 శాతం దగ్గర. అది దాటితే ఫ్రీ త్రోల్లో మిగిలింది కూడా మెల్లగా తినేస్తుంది. అందుకే నేను అనేది, "వీళ్లు త్రీలు సరిగ్గా వేయరు, వదిలేద్దాం" అని ఊరుకుంటే చాలదు. వదిలేశాక ఎంత బాగా వేస్తారు? అదీ అసలు ప్రశ్న. ఇప్పుడు కాపలా ఉండగా 30 వేస్తున్నారా, కాపలా లేకుండానే 30 వేస్తున్నారా? ఈ రెండూ ఒకటి కాదు. కాపలా లేకపోయినా 30 దగ్గరే ఉన్న జట్టుని ధైర్యంగా వదిలేయొచ్చు.

అది ఎలా తెలుస్తుంది? పాత మ్యాచ్‌ల బాక్స్ స్కోర్లు, అంటే ఎవరు ఎన్ని షాట్లు వేశారో చూపే పట్టికలు, చదవాలి. చదవడం అంటే స్కోరు చూసి మూసేయడం కాదండీ. వాళ్ల మీద లోపలికి కుదించుకున్న జట్లు ఏవో వెతకండి. ఆ మ్యాచ్‌లలో వాళ్లు ఎన్ని త్రీలు వేశారు, ఎవరు వేశారు? ఇది చాలా ముఖ్యం: ఎవరు వేశారు? జట్టు మొత్తానికి 30 శాతం అని కనపడుతుంది. లోపల చూస్తే ఒకడు 40 శాతం, మిగతా ముగ్గురూ పాతిక లోపు ఉంటారు. అప్పుడు వదలాల్సింది త్రీ పాయింటర్ని కాదు, ఆ ముగ్గుర్ని.

ఇక్కడ ఒక జాగ్రత్త. మూడు మ్యాచ్‌లలో తొమ్మిదికి ఐదు త్రీలు వేశాడని ఎవణ్నీ గొప్ప షూటర్ అనుకోవద్దు. తొమ్మిది షాట్లు ఏ మూలకీ రావు. ఆటగాడి సామర్థ్యం అంకెలు కనపడే గేమ్ అయితే శాతం కంటే ఆ అంకెనే నమ్మండి. బజర్‌బీటర్‌లో ఎదుటివాళ్ల నైపుణ్యాలు కనపడవు, కానీ జీతం కనపడుతుంది. ఆ జీతం నైపుణ్యాల నుంచే వస్తుంది. బుట్ట దగ్గర ఆడే సెంటర్‌కి జీతం భారీగా ఉండి, బయట ఆడే గార్డులు చవగ్గా ఉంటే ఆ మేనేజర్ డబ్బు ఎక్కడ పెట్టాడో చెప్పకనే చెప్పినట్టు. డబ్బు పెట్టిన చోటికే బంతి వెళ్తుంది.

ఇంకో చిన్న లెక్క కూడా చెప్పేస్తాను, చాలామంది అడుగుతుంటారు. మ్యాచ్‌కి పొసెషన్లు ఎన్ని అని ఎలా తెలుసుకోవాలి? వేసిన షాట్లలోంచి ఆఫెన్సివ్ రీబౌండ్లు (తమ షాట్ తప్పాక మళ్లీ తామే పట్టుకున్న బంతులు) తీసేయండి, టర్నోవర్లు కలపండి, ఫ్రీ త్రోలని 0.44తో గుణించి అది కూడా కలపండి. మామూలుగా రెండేసి ఫ్రీ త్రోలు కదా, మరి సగం ఎందుకు కాదంటే, షాట్ పడ్డాక అదనంగా వచ్చే ఒక్క ఫ్రీ త్రో లాంటివి కొత్త పొసెషన్ కిందికి రావు. ఈ లెక్క లేకుండా "వాళ్లు 95 పాయింట్లు కొట్టారు, మా డిఫెన్స్ చెత్త" అనకండి. 100 పొసెషన్లలో 95 ఇచ్చిన డిఫెన్స్ మంచిదే. 80 పొసెషన్లలో 95 ఇస్తే అప్పుడు బాధపడాలి.

ఇక మెనూలో ఉన్నవాటి సంగతి. మ్యాన్-టు-మ్యాన్‌లో ఎవడి మనిషిని వాడు చూసుకుంటాడు. మీ ఐదుగురూ కాస్త సమానంగా ఉంటే మంచిదే. ఒక్కడు బలహీనుడున్నా ఆ ఒక్కడి మీద నుంచే దారి పడిపోతుంది. జోన్‌లో ఆ బలహీనత కొంతవరకు పంచుకుపోతుంది. 2-3 జోన్ పెయింట్‌ని, అంటే బుట్ట ముందు గీతల మధ్య చోటుని, మూస్తుంది, బయట వదులుతుంది. 3-2 దానికి తలకిందులు. 1-3-1 బంతి లాక్కోవడం మీద ఆశ పెట్టుకుంటుంది. జోన్‌లో రీబౌండ్ల సంగతి మాత్రం ఒక్కో గేమ్ ఒక్కోలా రాసుకుంది, మీరు ఆడే గేమ్ రూల్స్ పేజీ చదివి తీరాలి. దయచేసి చదవండి. ఒక గేములో నేర్చుకున్నది ఇంకో గేములో పెట్టి ఓడిపోయేవాళ్లు చాలామంది.

టీవీలో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ చూసి జోన్ మీద చిన్నచూపు పెంచుకున్నవాళ్లున్నారు. అక్కడ 2001-02 సీజన్ దాకా జోన్ మీద నిషేధమే ఉండేది. నిషేధం తీసేసినప్పుడు కూడా, ఎవర్నీ దగ్గరగా కాపు కాయకుండా మూడు సెకన్లకు మించి పెయింట్‌లో నిలబడకూడదని డిఫెన్స్‌కి ఒక రూల్ పెట్టారు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా నియమాల్లో డిఫెన్స్‌కి ఆ రూల్ లేదు, మన పొడుగాయన హాయిగా బుట్ట కింద నిలబడొచ్చు. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ చూడండి, కోచ్ జిమ్ బోహైమ్ సిరక్యూస్ యూనివర్సిటీ జట్టుకి ఎన్నో ఏళ్లు 2-3 జోన్‌నే నమ్ముకున్నారు. 2003లో కాన్సాస్‌ని 81-78తో ఓడించి ఛాంపియన్‌షిప్ గెలిచారు. అయితే ఆయన చేతులు పొడుగ్గా ఉండే ఆటగాళ్లని ఏరి తెచ్చుకునేవారు. జోన్‌కి తగ్గ మనుషులు. మనం మాత్రం మనుషుల్ని ఇష్టమొచ్చినట్టు కొనేసి, మ్యాచ్ ముందు రోజు ఏ డిఫెన్స్ పెట్టాలా అని చూస్తాం. డిఫెన్స్ ప్లాన్ మ్యాచ్ ముందు రోజు మొదలవదు అండీ. ఆటగాణ్ని వేలంలో కొనే రోజే మొదలవుతుంది.

ఫుల్ కోర్ట్ ప్రెస్ గురించి ఒక్క మాట, ఎందుకంటే కుర్రాళ్లందరికీ అదంటే ఇష్టం. 1964లో కోచ్ జాన్ వుడెన్ నడిపిన యూసీఎల్ఏ అనే అమెరికా కాలేజీ జట్టు 30 మ్యాచ్‌లు ఆడి 30 గెలిచింది. మొదటి ఐదుగురిలో ఆరడుగుల ఐదు అంగుళాలు దాటినవాడు ఒక్కడూ లేడు. ఫైనల్‌లో తమకన్నా పొడుగున్న డ్యూక్‌ని 98-83తో కొట్టారు. వాళ్ల ఆయుధం 2-2-1 జోన్ ప్రెస్. ఎదుటివాళ్లు బంతి అందుకున్న చివర్నుంచే, కోర్టు పొడవునా వెంటపడటం. బాగుంది కదా? కానీ మన గేముల్లో ప్రెస్ పెట్టాలంటే మూడు కావాలి: పరిగెత్తే కాళ్లు, స్టామినా, లోతైన బెంచ్. ఏడుగురితో జట్టు నడుపుతూ ప్రెస్ పెడితే నాలుగో క్వార్టర్‌కి ఆటగాళ్లు నిలబడలేరు, పైగా ఫౌళ్లు మీద పడతాయి. బంతిని బాగా పట్టుకునే పాయింట్ గార్డ్ (బంతిని ముందుకు నడిపించేవాడు) ఉన్న జట్టు మీద అసలు వద్దు. ప్రెస్ దాటాడంటే అటు పక్క ఖాళీ బుట్టే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన డిఫెన్స్ దగ్గరికి వస్తాను. బాక్స్ అండ్ వన్. నలుగురు చదరంగా నిలబడి జోన్ ఆడతారు, ఒక్కడు మాత్రం ఎదుటి జట్టు మొనగాణ్ని నీడలా వెంటాడతాడు. బజర్‌బీటర్‌లో ఇది లోపలి మొనగాడికి ఒకటి, బయటి మొనగాడికి ఒకటి ఉంది. చాలామంది దీన్ని ముట్టుకోరు. ఎందుకు పనిచేస్తుందో, ఎందుకు పనిచేయదో ఒక్క మ్యాచ్‌లోనే చూపిస్తాను.

2019 ఎన్‌బీఏ ఫైనల్స్, రెండో మ్యాచ్. టొరంటో రాప్టర్స్, గోల్డెన్ స్టేట్ వారియర్స్. వారియర్స్‌లో కెవిన్ డ్యురాంట్ అప్పటికే గాయంతో ఆడటం లేదు. నాలుగో క్వార్టర్‌లో క్లే థామ్సన్ కూడా గాయపడి వెళ్లిపోయాడు. అప్పుడు కోర్టు మీద భయపెట్టే షూటర్ ఎవరు మిగిలారు? స్టెఫెన్ కర్రీ ఒక్కడే. రాప్టర్స్ కోచ్ నిక్ నర్స్ ఏం చేశారు? హైస్కూల్ పిల్లలు వాడే డిఫెన్స్ అని అందరూ అనుకునే బాక్స్ అండ్ వన్‌ని ఎన్‌బీఏ ఫైనల్స్‌లో పెట్టారు. వారియర్స్‌కి ఐదు నిమిషాలకు పైగా ఒక్క పాయింట్ రాలేదు. ఆలోచించండి, వారియర్స్‌కి! వాళ్ల ఆధిక్యం కరిగిపోయి 106-104 అయ్యింది. చివర్లో ఏమైంది? ఇద్దరు కర్రీ మీద పడ్డారు, బంతి చేతులు మారి ఆండ్రే ఇగ్వోడాలాకి వెళ్లింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. త్రీ వేశాడు. పడింది. 109-104. మ్యాచ్ అయిపోయింది.

ఇప్పుడు చెప్పండి, నర్స్ ప్లాన్ తప్పా? చేతులెత్తండి, తప్పు అనేవాళ్లు? ... ఐదారుగురు. నేను ఒప్పుకోను. ఆయన తన ప్లాన్‌లో మొదటి వాక్యం రాసుకున్నారు: కర్రీ తప్ప ఎవరైనా వేసుకోండి. త్రీ షూటర్‌గా పెద్ద పేరు లేని మనిషి చేత, మ్యాచ్ మొత్తం ఆధారపడిన షాట్ వేయించారు. అది పడింది. అదే షాట్ మళ్లీ మళ్లీ వేయిస్తే ఎక్కువసార్లు తప్పేదే. ఆ సిరీస్ ఎవరు గెలిచారో మీకు తెలుసు, రాప్టర్స్, 4-2. ఇంకో సంగతి కూడా గమనించండి. థామ్సన్ కోర్టు మీద ఉండి ఉంటే ఈ డిఫెన్స్ పెట్టగలిగేవారా? ఇద్దరు షూటర్లున్న జట్టు మీద బాక్స్ అండ్ వన్ పెడితే రెండోవాడికి మనమే తలుపు తీసినట్టు. కాబట్టి మీరు వెతకాల్సింది ఎదుటి జట్టులో మొనగాడు ఎంత గొప్పవాడని కాదు. అతని తరవాతివాడు ఎంత తక్కువవాడని.

కొంచెం నీళ్లు తాగి వస్తాను.

ఇప్పుడు వేగం గురించి. మీకన్నా బలమైన జట్టుతో మ్యాచ్ ఉంది. లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్న జట్టు. ఏం చేస్తారు? వేగంగా ఆడాలా, నెమ్మదిగా ఆడాలా? ... నెమ్మదిగా అంటున్నారు ముందు వరసలో అమ్మాయి. ఎందుకమ్మా? ... అవును, సరిగ్గా చెప్పావు, ఎక్కువ పొసెషన్లుంటే బలమే గెలుస్తుంది. దాన్ని లెక్కలో చూపిస్తాను. వాళ్లు పొసెషన్‌కి 1.08 పాయింట్లు, మనం 1.00 అనుకోండి. 90 పొసెషన్లలో తేడా 7.2. 60 పొసెషన్లలో 4.8. అంటే తేడా మూడో వంతు తగ్గింది. అదృష్టం వల్ల స్కోరు అటూ ఇటూ ఊగడం కూడా తగ్గుతుంది, కాదనను. కానీ అది వర్గమూలం లెక్కన తగ్గుతుంది, ఐదో వంతు కూడా తగ్గదు. తేడా ఎక్కువ తగ్గింది, ఊగుడు తక్కువ తగ్గింది. ఆ సందులోంచే చిన్న జట్టు గెలుస్తుంది.

1996 మార్చిలో అమెరికా కాలేజీ టోర్నమెంట్‌లో ప్రిన్స్‌టన్ ఇదే చేసింది. ఎదురుగా ఉన్నది అంతకుముందు ఏడాది ఛాంపియన్ యూసీఎల్ఏ. ప్రిన్స్‌టన్ కోచ్ పీట్ కారిల్. షాట్ వేయడానికి గడువు, అంటే షాట్ క్లాక్, 35 సెకన్లు, వాళ్లు దాన్ని చివరిదాకా వాడుకున్నారు. తొందరపడి ఆఫెన్సివ్ రీబౌండ్లకి ఎగబడకుండా వెనక్కి పరిగెత్తి యూసీఎల్ఏకి ఫాస్ట్ బ్రేక్ (డిఫెన్స్ సర్దుకోకముందే చేసే వేగమైన దాడి) ఇవ్వలేదు. స్కోరు ఎంతో తెలుసా? 43-41. ప్రిన్స్‌టన్ గెలిచింది. నలభై నిమిషాల మ్యాచ్‌లో 43 పాయింట్లు! నెమ్మదిగా ఆడటం అనేది ఆఫెన్స్ మెనూలో కనపడుతుంది గానీ, నా దృష్టిలో అది డిఫెన్సే. బంతి మన దగ్గర ఉన్నంతసేపు వాళ్లు స్కోర్ చేయలేరు.

ఇదే మాటని తిప్పి చదవండి. మీరే బలమైన జట్టు అయితే? వేగంగా ఆడండి. చిన్న జట్టు మీద నెమ్మదిగా ఆడి, ఒక్క పాయింట్‌తో ఓడిపోయి, గేములో మోసం ఉందని గొడవ చేసే మేనేజర్లున్నారు. ఆ జట్టుకి గెలిచే అవకాశం వాళ్లే ఇచ్చారు.

ఇంకొక విషయం. మనం ఎదుటివాళ్ల పాత మ్యాచ్‌లు చదువుతున్నాం. మరి వాళ్లు మనవి చదవరా? బజర్‌బీటర్‌లో మ్యాచ్‌కి ముందు ఎదుటివాళ్లు లోపల ఆడతారా బయట ఆడతారా, ఏ వేగంతో ఆడతారు అని ఊహించి పెట్టే వీలుంది. సరిగ్గా ఊహిస్తే లాభం, తప్పితే నష్టం. అంటే ప్రతి మ్యాచ్‌లో అదే ఆఫెన్స్ పెట్టే మేనేజర్, ఎదుటివాడికి ప్రతి మ్యాచ్‌లో ఆ లాభం ఉచితంగా ఇస్తున్నట్టే. అలాగని ప్రతి మ్యాచ్‌కీ పిచ్చిగా మార్చేయమనడం లేదు. లోపల బలమున్న జట్టు బయట ఆడితే ఊహ తప్పించిన లాభం కన్నా ఆటలో నష్టమే ఎక్కువ. ముఖ్యమైన మ్యాచ్‌కి ముందు, ఫలితం అంతగా పట్టింపు లేని మ్యాచ్‌లలో రెండు మూడుసార్లు వేరేది ఆడి చూపించండి. ఎదుటివాడి మనసులో అనుమానం పడితే చాలు. అనుమానం ఉన్నవాడు ఊహించడం మానేసి మధ్యలో పెడతాడు.

ఇక మ్యాచ్ అయ్యాక ఏం చేయాలి? గెలిచామా ఓడామా అని చూసి ప్లాన్‌కి మార్కులు వేయకండి. మొదటి వాక్యం రాసుకున్నారు కదా, ఏ షాట్ వదులుతున్నామని? ఆ షాట్లు పెరిగాయా లేదా, అదొక్కటి ముందు చూడండి. 20 త్రీలు వేసే జట్టు 30 వేసిందా? వేయకూడదనుకున్న మనిషి తక్కువ వేశాడా? అలా జరిగితే ప్లాన్ పనిచేసింది, షాట్లు పడ్డాయా లేదా అనేది ఆ రోజు సంగతి. షాట్లు మళ్లనే లేదు, అయినా గెలిచాం, అప్పుడు జాగ్రత్తపడాలి. ప్లాన్ పనిచేయకుండా వచ్చిన గెలుపు అది. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. పాతకాలం మాటలా ఉంటుంది గానీ, ప్రతి మ్యాచ్‌కి రెండు లైన్లు: ఏం వదలాలనుకున్నాం, ఏం జరిగింది. సీజన్ సగానికి వచ్చేసరికి మీ లీగ్ గురించి మీకన్నా తెలిసినవాడు ఉండడు.

ప్రశ్నలుంటే అడగండి. మైకు వెనక్కి ఇవ్వండి.

ఫౌళ్ల గురించి అడుగుతున్నారు. మంచి ప్రశ్న. మా సెంటర్ ప్రతి మ్యాచ్‌లో మూడో క్వార్టర్‌కల్లా నాలుగు ఫౌళ్లు చేసేస్తున్నాడు, ఏం చేయాలి అని. ముందు మీ గేములో ఐదు ఫౌళ్లకి బయటికా, ఆరుకా చూడండి. ఫీబా పద్ధతిలో ఐదు, ఎన్‌బీఏ పద్ధతిలో ఆరు. తరవాత, ఫౌళ్లు అతని తప్పేనా అని చూడండి. చాలాసార్లు తప్పు ముందు నిలబడిన గార్డులది. వాళ్లు తమ మనిషిని వదిలేస్తే అతను లోపలికి దూసుకొస్తాడు, ఆపడానికి మీ సెంటర్ అడ్డం వెళ్తాడు, ఫౌల్. మీరు సెంటర్‌ని మార్చేస్తారు, కొత్త సెంటర్ కూడా నాలుగు ఫౌళ్లు చేస్తాడు. గార్డుల డిఫెన్స్ చూడండి ముందు. దానికి వెంటనే డబ్బు లేదంటే జోన్ పెట్టండి, ఆ భారం ఐదుగురి మీద పడుతుంది.

ఇంకెవరు? ఆ, నువ్వు చెప్పు తమ్ముడూ. ... బాగుంది. వచ్చే శనివారం ఎదుటి జట్టులో ఇద్దరు మంచి షూటర్లు, ఒక మంచి సెంటర్, మూడూ ఉన్నాయి, నేనేం వదలాలి అంటున్నాడు. ఆ ముగ్గురినీ పక్కన పెట్టు. కోర్టు మీద ఇంకా ఇద్దరున్నారు కదా? వాళ్ల పవర్ ఫార్వర్డ్, అదే సెంటర్‌కి తోడుగా ఆడేవాడు, ఎలా వేస్తాడో చూశావా? చూడలేదు. అతను గత పది మ్యాచ్‌లలో ఎన్ని షాట్లు వేశాడు, ఎక్కడి నుంచి వేశాడు, ఇవాళ రాత్రి అది చూడు. అతని మీద నీ దగ్గరున్న అందరికన్నా బలహీనమైన డిఫెండర్‌ని పెట్టు, నీ మంచి డిఫెండర్‌ని అక్కడ ఖర్చు చేయకు. వేగం తగ్గించు. లైనప్ శుక్రవారం రాత్రే పంపేయకు, వాళ్ల చివరి మ్యాచ్ బాక్స్ స్కోర్ వచ్చేదాకా ఆగు. వచ్చాక నాకు కూడా పంపు, కలిసి చూద్దాం.